రాక్‌స్టార్ వైన్, తాతయ్య కల్లు

ముందే ఒక డిస్‌క్లెయిమర్. నేను వైన్ ఎప్పుడూ తాగలేదు. నాకు పంతొమ్మిదేళ్లు. మన రాష్ట్రంలో చట్టం ప్రకారం మందు కొనాలంటే 21 నిండాలి. కాబట్టి ఇది రుచి గురించి రాస్తున్న వ్యాసం కాదు. రెండో డిస్‌క్లెయిమర్: ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియమే. ఒత్తులు, దీర్ఘాలు తప్పితే క్షమించండి. ఈ విషయం మాత్రం తెలుగులోనే రాయాలనిపించింది. ఎందుకో చివరికొచ్చేసరికి మీకే అర్థమవుతుంది.

కథ హాస్టల్లో మొదలైంది. మొన్న సెమిస్టర్ ఎగ్జామ్స్ అయిపోయిన రాత్రి మా రూమ్మేట్ ఫోన్లో ఒక ఫోటో చూపించాడు. వైన్ సీసా, దాని మీద ఏసీ/డీసీ లోగో. (ఈఈఈ వాళ్లు కంగారు పడొద్దు. ఇది కరెంటు గురించి కాదు, ఆస్ట్రేలియా రాక్ బ్యాండ్ గురించి.) "రేయ్, గిటార్ వాయించేవాళ్లు వైన్ అమ్మడం ఏంట్రా?" అని నవ్వుకున్నాం. వాడు పడుకున్నాడు. నాకు నిద్ర పట్టలేదు, వెతుక్కుంటూ కూర్చున్నా.

చూస్తే ఇదేదో పెద్ద ప్రపంచమే. ఏసీ/డీసీ వాళ్లు 2011లో తమ దేశంలోనే వార్‌బర్న్ ఎస్టేట్ అనే కంపెనీతో కలిసి, తమ పాటల పేర్లతో వైన్లు దింపారు. 'బ్యాక్ ఇన్ బ్లాక్' అని ఒకటి, 'హైవే టు హెల్' అని ఇంకొకటి. స్టింగ్‌కి ఇటలీలోని టస్కనీలో ద్రాక్ష తోట ఉంది, ఆయన కూడా సీసాలకి తన పాటల పేర్లే పెట్టుకున్నాడు. 1940లో మన లక్నోలో పుట్టిన క్లిఫ్ రిచర్డ్ పోర్చుగల్‌లో వైన్ చేయించాడు. ప్రైమస్ బ్యాండ్‌లో బేస్ గిటార్ వాయించే లెస్ క్లేపూల్‌కి కాలిఫోర్నియాలో సొంత వైన్ ఉంది. మన దేశంలో అయితే నాసిక్ దగ్గర సులా ద్రాక్ష తోటల్లో 2008 నుంచి సులాఫెస్ట్ పేరుతో బ్యాండ్లు వాయిస్తూ వచ్చాయి. స్టేజీ చుట్టూ తోటలు, చేతిలో గ్లాసు.

నాకు వీటిలో రెండు రకాలు కనిపించాయి. ఒకటి స్టిక్కర్ రకం. టీ-షర్టు మీద బ్యాండ్ బొమ్మ వేసినట్టే సీసా మీద వేస్తారు. లోపల ఏముందో బ్యాండ్‌కి పెద్దగా పట్టదు, ఫ్యాన్స్‌కీ పట్టదు. దీన్ని తప్పు పట్టను, నా దగ్గరా మూడు బ్యాండ్ టీ-షర్టులున్నాయి. రెండోది మట్టి రకం. అంటే ఆ మనిషే తోటలోకి దిగి తవ్వడం.

ఈ రెండో రకంలో నన్ను కదిలించినవాడు మేనార్డ్ జేమ్స్ కీనన్. టూల్ బ్యాండ్ సింగర్. మన క్లబ్‌లో టూల్ వినేవాళ్లు ఇద్దరో ముగ్గురో ఉంటారు, మిగతావాళ్ల కోసం చెప్తున్నా. పాట పది నిమిషాలుంటుంది, తాళం లెక్కపెట్టబోతే డిస్క్రీట్ మ్యాథ్స్ గుర్తొస్తుంది. ఆ మేనార్డ్ అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో, వెర్డీ లోయలో, రాళ్ల కొండ వాలు మీద ద్రాక్ష వేశాడు. ఎడారి రాష్ట్రంలో వైన్ ఏంటని జనం నవ్వారు. ఆయన కంపెనీ పేరు కడూసియస్ సెల్లార్స్. జెరోమ్ అని ఒకప్పటి రాగి గనుల ఊళ్లో దాని దుకాణం ఉంది. ఆ తోట మీద 'బ్లడ్ ఇంటూ వైన్' అని 2010లో ఒక డాక్యుమెంటరీ వచ్చింది.

మేనార్డ్ వాళ్లమ్మ పేరు జూడిత్. 1976లో, ఈయన ఇంకా స్కూలు పిల్లాడిగా ఉన్నప్పుడే, ఆమె మెదడులో రక్తనాళం దెబ్బతిని పక్షవాతం వచ్చింది. 2003లో చనిపోయే వరకూ అలాగే గడిపింది. ఇరవై ఏడేళ్లు. లెక్క వేసి చూడండి, సుమారు పదివేల రోజులు. 2006లో వచ్చిన టూల్ ఆల్బమ్ పేరు '10,000 డేస్'. ఆ పేరు వెనకున్న లెక్క ఇదే. అమ్మ చితాభస్మాన్ని తన ద్రాక్ష తోటలోనే చల్లుకున్నాడు. ఆ తోటలో పండిన వైన్‌కి ఆమె పేరే, 'నాగ్వాల్ డెల్ జూడిత్'. ఆయన ముత్తాత ఉత్తర ఇటలీలో వైన్ చేసేవాడట. అంటే ఈ మనిషికి రాక్ ఒక పని, వైన్ ఇంకో పని కాదు. రెండిట్లోనూ అమ్మే ఉంది.

తెల్లవారుజామున మూడింటికి ఇదంతా చదివి "అబ్బ, ఎంత గొప్పగా ఉంది" అనుకున్నా. ఆ వెంటనే ఎవరో లోపల గిల్లినట్టయింది.

ఎందుకంటే మా తాతయ్య కూడా అదే పని చేశాడు. సీసా ఒక్కటే తేడా.

మా అమ్మ వాళ్ల ఊరు నెమలి. ఎన్టీఆర్ జిల్లా, గంపలగూడెం మండలం, తిరువూరు వైపు. వేణుగోపాలస్వామి గుడి వల్ల ఆ పేరు చాలామందికి తెలుసు. ఇంకాస్త పోతే తెలంగాణ. మామిడి తోటలు, పొలం గట్ల మీద తాడిచెట్లు. తాతయ్య ఆ తాడిచెట్లు ఎక్కేవాడు. గీత కార్మికుడు. దాదాపు నలభై ఏళ్లు, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఒకరోజు జారి పడి తుంటి విరిగాక మానేశాడు. అమ్మ చదువు, మామయ్య చదువు అన్నీ ఆ కల్లు ముంత లోంచి వచ్చినవే.

ఫస్టియర్‌లో సీనియర్లు ఇంట్రో అడిగారు. ఊరేంటి, ఇంట్లో ఎవరేం చేస్తారు, తాతలేం చేసేవాళ్లు అని. నా ముందువాడు "గ్రాండ్‌ఫాదర్ రిటైర్డ్ హెడ్మాస్టర్" అన్నాడు. నేను "ఫార్మర్" అన్నా. ఆ రోజు నన్ను ఎవరూ బెదిరించలేదు, ఎగతాళి చేయలేదు. నోట్లోంచి దానంతటదే వచ్చేసింది. అరిజోనా సింగర్ గురించి రాత్రంతా గర్వంగా చదివినవాడిని, సొంత తాతయ్య పని ఏంటో చెప్పలేకపోయా. నేను ఈ వ్యాసం రాయడానికి కారణం ఇదే.

సెలవులకి నెమలి వెళ్లినప్పుడు ఆ డాక్యుమెంటరీ ముక్కలు ఫోన్లో తాతయ్యకి చూపించా. అరుగు మీద కూర్చుని, కళ్లజోడు పైకి తోసుకుని చూశాడు. 

"ఈయన పాటలు పాడతాడా?"

"అవును తాతయ్యా. లక్షల మంది వింటారు."

మేనార్డ్ తీగ కత్తిరించే చోట ఆపమన్నాడు. దగ్గరగా పెట్టుకుని చూసి, "కోత బానే వేస్తున్నాడు. చెయ్యి వణకట్లేదు," అన్నాడు. తర్వాత, "ఆ చెట్టు ఎంత ఎత్తుంటుందిరా?" అని అడిగాడు.

"చెట్టు కాదు తాతయ్యా, తీగ. మన నడుము దాకా ఉంటుందేమో."

"అదృష్టవంతుడు."

అంతే, ఇంకేమీ అనలేదు. నేను అడగ్గా అడగ్గా పని గురించి చెప్పాడు. మోకు ఎలా బిగించాలి, గెలని గీత కత్తితో ఎంత పల్చగా చెక్కాలి. లోతుగా చెక్కితే గెల పాడైపోతుంది, పైపైన చెక్కితే కల్లు దిగదు. ఒక్క రోజు ఎక్కకపోతే కోత ఎండిపోతుంది, కాబట్టి జ్వరమైనా, పండగైనా ఎక్కాల్సిందే. ఏ చెట్టు తియ్యగా ఇస్తుందో, ఏది పుల్లగా ఇస్తుందో పేరుపేరునా చెప్పాడు. ఏ చెట్టు ఏ నేలలో ఉందో, దానికి నీళ్లు ఎంత దగ్గరో దాన్ని బట్టి రుచి మారుతుందట. వైన్ వాళ్లు దీనికి ఫ్రెంచిలో ఒక పెద్ద మాట వాడతారు, దాని మీద పుస్తకాలు రాస్తారు. మా తాతయ్య "నేల గుణం" అని రెండు మాటల్లో తేల్చేశాడు.

ఇప్పుడు నా పాయింటుకి వస్తా. రాక్, వైన్ ఎక్కడ కలుస్తాయి అని ఎవరైనా అడిగితే అందరూ చెప్పేది ఒకటే: పార్టీలో కలుస్తాయి, రాక్‌స్టార్ల డబ్బులో కలుస్తాయి. నాకు అలా అనిపించట్లేదు. అవి పుట్టుకలో కలుస్తాయి. రాక్ బ్లూస్ లోంచి వచ్చింది. బ్లూస్ ఎవరిది? అమెరికా దక్షిణాదిన పత్తి చేలల్లో కూలి చేసిన నల్లజాతి వాళ్లది. వైన్ కూడా అంతే. ఇటలీ, ఫ్రాన్స్ పల్లెల్లో రైతులు అన్నంలోకి మజ్జిగ పోసుకున్నంత మామూలుగా తాగింది. రెండూ కష్టజీవుల ఇళ్లలో ఉన్నవే. తర్వాత ఒకటి స్టేడియానికి చేరింది, ఇంకొకటి స్టార్ హోటల్ టేబుల్ మీదకి చేరింది.

మన దగ్గర అదే జంట ఉంది. డప్పు, కల్లు. డప్పుని నిప్పుల దగ్గర కాచి, చర్మం బిగిశాక వాయిస్తే వచ్చే ఆ దెబ్బ ఉంది చూశారా, ఏ డబుల్ బేస్ డ్రమ్ముకీ తీసిపోదు. గద్దర్ ఉస్మానియాలో ఇంజనీరింగ్ చదివినవారే, అంటే మన సీనియర్ అనుకోవచ్చు. ఆయన గొంతు, పక్కన డప్పు వింటే రాక్ అంటే ఏంటో వేరే చెప్పక్కర్లేదు. కానీ డప్పు వాయించేవాళ్లు, చెట్టెక్కేవాళ్లు ఊరి చివరే ఉండిపోయారు. వాళ్ల పాటా, వాళ్ల పానీయమూ మెట్లెక్కలేదు. మన కాలేజీ ఫెస్టులే చూడండి. నేను చూసినంత వరకూ రాక్ బ్యాండ్‌కి స్టేజీ, లైట్లు, సౌండ్ చెక్, పోస్టర్ మీద పేరు. డప్పు వాళ్లకి గేటు దగ్గర చీఫ్ గెస్ట్ కారు దిగేదాకా పని. మైకూ ఉండదు, పేరూ ఉండదు.

"అది కాదు రా, వైన్ క్వాలిటీ వేరు, కల్లు వేరు" అని మా రూమ్మేట్ అన్నాడు. అది కొంత నిజం. టెక్నికల్‌గా చూద్దాం. రెండిట్లో జరిగేది ఒకటే: ఈస్ట్ చక్కెరని ఆల్కహాల్‌గా మారుస్తుంది. ద్రాక్ష ఏడాదికి ఒకసారి కోస్తారు, పులియబెట్టి, పీపాల్లో నిల్వ పెడతారు. ఆల్కహాల్ సుమారు 12 నుంచి 14 శాతం ఉంటుంది, దాంతో చాలాకాలం ఆగుతుంది. కల్లు అలా కాదు. చెట్టు మీద ముంతలో ఉండగానే పులవడం మొదలు. సున్నం పూసిన ముంతలో పడితే తియ్యటి నీరా. లేదంటే పొద్దున ఒక రుచి, మధ్యాహ్నానికి ఇంకో రుచి, మర్నాటికి వెనిగర్ దారి పడుతుంది. ఆల్కహాల్ నాలుగైదు శాతం, అంటే బీరు అంత.

అంటే వైన్ రికార్డు చేసిన ఆల్బమ్ లాంటిది. సీసాలో పెట్టి, సంవత్సరం వేసి, సముద్రాలు దాటించొచ్చు. కల్లు లైవ్ షో. ఆ పూట ఆ చెట్టు కింద ఉన్నవాళ్లకే. దాన్ని క్యాష్‌లో దాచుకోలేం. అందుకే దానికి లేబుల్ రాలేదు, లేబుల్ లేదు కాబట్టి పేరు రాలేదు. అది క్వాలిటీ తక్కువవడం కాదు, నిల్వ ఉండకపోవడం. రాక్ వినేవాళ్లే కదా లైవ్ ముందు రికార్డింగ్ దేనికీ పనికిరాదు అని చెప్పేది?

ఇక్కడిదాకా రాసింది అమ్మమ్మకి చదివి వినిపించా. చప్పట్లు కొడుతుంది అనుకున్నా. "బానే ఉంది కానీ, తాగి పోయినోళ్ల గురించి ఒక్క ముక్కా రాయలేదేంటి?" అంది.

నిజమే. అది దాస్తే ఇదంతా గ్లామర్ వ్యాసమే అవుతుంది. మా చిన్న తాతయ్య కల్లుతో పోలేదు, 'వైన్స్' అని బోర్డున్న షాపుతో పోయాడు. ఆ బోర్డు ఎంత వింతో ఆలోచించండి. ఊరూరా 'వైన్స్' అని రాసుంటుంది, లోపల అమ్ముడయ్యేది దాదాపు అంతా విస్కీ, బ్రాందీ, బీరు. వైన్ అనే మాట మనకి వచ్చింది, వైన్ మాత్రం రాలేదు. అమ్మమ్మ దృష్టిలో పాటకీ మందుకీ ఉన్న సంబంధమే వేరు. నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలై 1992లో రాష్ట్రమంతా పాకిన సారా వ్యతిరేక ఉద్యమం ఆమెకి గుర్తుంది. రాత్రి బడిలో సీతమ్మ కథ చదువుకున్న ఆడవాళ్లు సారా దుకాణాల మీదకి వెళ్లారు. ఊరూరా పాటలు కట్టి పాడారు. 1993 అక్టోబర్ 1 నుంచి సారా మీద నిషేధం వచ్చింది. 1995 జనవరిలో ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం తెచ్చారు, ఇప్పుడు మా జిల్లాకి ఉన్నది ఆయన పేరే. 1997లో అది సడలిపోయింది. రాక్ అంటే తిరగబడే పాట అనుకుంటే, మన రాష్ట్రంలో దాన్ని అందరికంటే గట్టిగా పాడింది ఆ ఆడవాళ్లే. అదీ మందు పక్కన నిలబడి కాదు, మందుకి ఎదురు నిలబడి.

కల్తీ సంగతీ ఉంది. 2025 జూలైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి కొంతమంది చనిపోయారు. అది చెట్టు నుంచి దిగిన కల్లు కాదు, మత్తుమందు కలిపిన నీళ్లు. కానీ చెడ్డపేరు మాత్రం మోకు కట్టుకుని ఎక్కేవాడికి వస్తుంది. పేరు లేని సరుకుకి ఇదే ప్రమాదం. ఎవరు తీశారో, ఏ చెట్టుదో సీసా మీద రాసి ఉంటే కల్తీ చేసేవాడికి భయం ఉంటుంది. వైన్ నుంచి మనం నేర్చుకోవాల్సింది గ్లాసు పట్టుకునే స్టైల్ కాదు, తీసిన మనిషి పేరు రాయడం.

కాబట్టి నేను "అందరూ కల్లు తాగండి" అనట్లేదు. తాగకండి, అసలు మనలో చాలామందికి ఆ వయసే రాలేదు. నేననేది గౌరవం గురించి. మొదలు అయితే పడింది. 2023లో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డులో ప్రభుత్వం నీరా కేఫ్ తెరిచింది. మత్తు లేని నీరాకి ఒక చల్లని గది, ఒక బోర్డు, ఒక మెనూ దొరికాయి. 2024లో తెలంగాణలో గీత కార్మికులకి 'కాటమయ్య రక్ష' కిట్లు ఇవ్వడం మొదలుపెట్టారు, చెట్టు మీద కాలు జారినా కింద పడకుండా పట్టుకునే తాళ్లూ బెల్టులూ. మా తాతయ్యకి అలాంటిది ఉంటే ఈ రోజు కర్ర లేకుండా నడిచేవాడు. ఇది చదివే మెకానికల్ వాళ్లకి ఒక మాట: ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుకి ఐడియా లేదని ఏడుస్తుంటారు కదా, తాడిచెట్టు సురక్షితంగా ఎక్కే పరికరాన్ని ఇంకా తేలిగ్గా, ఇంకా చవగ్గా చేయొచ్చేమో చూడండి.

మన క్లబ్‌కి రెండు రిక్వెస్టులు. ఈసారి ఫెస్ట్‌లో డప్పు కళాకారులని గేటు దగ్గర కాకుండా స్టేజీ మీద వాయించనిద్దాం. బ్యాండ్‌కి ముందో తర్వాతో కాదు, బ్యాండ్‌తో కలిపి. పోస్టర్ మీద వాళ్ల పేర్లు కూడా వేద్దాం. రెండోది, వచ్చే సంచికలో 'మా ఇంటి పని' అని ఒక శీర్షిక పెడదాం. ఇంట్లో తరతరాలుగా చేసిన పని గురించి ఎవరికి వాళ్లు రాయాలి. మగ్గం, కుమ్మరి సారె, చేపల వల, గీత కత్తి, ఏదైనా. మేనార్డ్ ముత్తాత పని మనకి తెలిసినప్పుడు, పక్క బెంచీవాడి తాత పని తెలియకపోవడం బాలేదు. ఒప్పుకోనివాళ్లు కూడా రాయండి, చదువుతా.

సెలవులైపోయి వచ్చేరోజు తాతయ్యని అడిగా, "గీత కత్తి నాకిస్తావా, హాస్టల్లో గోడకి పెట్టుకుంటా" అని. ఇవ్వలేదు. "అది గోడకి పెట్టుకునేది కాదురా, చెయ్యి తెగుద్ది" అన్నాడు. తర్వాత బస్సు దాకా వచ్చి, "ఆ పాటలాయన తోట సంగతి మళ్లీ ఏమన్నా వస్తే చూపించు" అన్నాడు.

కొత్త బ్యాచ్ వస్తోంది. ఇంట్రోలు మళ్లీ మొదలవుతాయి. ఈసారి వాళ్లని అడిగే ముందు నాది నేను సరిచేసుకుంటున్నా. సీఎస్‌ఈ, సెకండియర్. అమ్మ వాళ్ల ఊరు నెమలి. తాతయ్య గీత కార్మికుడు.